కల్పనలో ధ్వన్యాయుధం

ఆంగ్లంలో వెలువడిన ఒక వైజ్ఞానిక కల్పనా నవలికను తెలుగు చేసే పని కొంతకాలం క్రితం నాకు తటస్థించినది. అందులో నక్షత్ర మండలాల నడుమ యుద్ధం జరుగుతుంది. ఒక పక్షం వారి వద్ద పిడికిట్లో ఇమిడే యంత్రం ఒకటి ఉంటుంది. దానిని కంఠానికి ఆనించి చిన్నగా కూనిరాగం తీస్తే చాలు, ఎదుటి గోడ పిండి అయిపోతుంది. ఆ యంత్రానికి నేను క్షణమైనా ఆలోచించకుండా 'శబ్దవేధి' అని పేరు పెట్టాను. పేరు బాగున్నదని మిత్రులు మెచ్చుకొన్నారు, నేనూ మురిసిపోయాను. ప్రతి అంతా పూర్తి అయిన తరువాత గాని నేను చేసిన తప్పు నాకు బోధపడలేదు. అది బోధపడినది కూడ నిఘంటువుల మధ్య కాదు, అండమాన్ దీవులలో.

శబ్దవేధి అంటే శబ్దంతో కొట్టేది కాదు. శబ్దాన్ని బట్టి గురిపెట్టి కొట్టేది. దశరథుని కథ మనకందరికీ తెలిసినదే. సరయూ తీరాన, చీకటిలో, కుండ మునిగే బుడబుడ ధ్వనిని విని, ఏనుగు నీరు త్రాగుతున్నదనుకొని ఆయన బాణం విడుస్తాడు. ముని కుమారుని ప్రాణం తీసినది బాణమే. ధ్వని చేసినదల్లా ఒక చెవిని మోసగించడం. ఆ కథలోని విషాదం విలుకాని చేతిలో లేదు, అతని చెవిలో ఉన్నది. నేను తెలుగు చేసిన కథలో గోడ ఉన్నది, యంత్రం ఉన్నది, మ్రోత ఉన్నది. వినేవాడు మాత్రం లేడు. వినేవాడు లేని చోట ధ్వనిని ఆయుధం చేస్తే అది పేరు మార్చుకొన్న ఫిరంగి మాత్రమే అవుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంచుమించు ఇంతే. అయితే దీనికి ఆధారాలు చూపవలసి ఉన్నది.

మన పురాణేతిహాసాలలో ధ్వనికీ ఆయుధానికీ ఉన్న చుట్టరికం చాల దగ్గరిది. చేతపట్టి ప్రయోగించేది శస్త్రం, విడిచేది అస్త్రం అని పెద్దలు విభాగం చేశారు. దివ్యాస్త్రాన్ని విడవడానికి మంత్రం కావాలి. అనగా, ఉచ్చరించిన మాటే ఆ ఆయుధానికి మీట. పరశురాముని శాపం కర్ణుని వింటినీ విరవలేదు, బాణాలనూ మాయం చేయలేదు. అవసరమైన వేళకు మంత్రం గుర్తుకు రాకుండా చేసినది. కల్పనా రచయిత శ్రద్ధగా చూడవలసిన ఘట్టమిది. ఆ ఆయుధం ఎలా చెడుతుందో కవికి తెలుసు. కురుక్షేత్రంలో శంఖాలు పూరించినప్పుడు ధృతరాష్ట్ర పుత్రుల గుండెలు బ్రద్దలైనవని వింటాము. పాండవ సైన్యం కూడ ఆ ధ్వనినే విన్నది. వారి గుండెలు ఎందుకు పగలలేదు? ఒకే ధ్వని ఒకరికి భయం, మరొకరికి ధైర్యం. ధనుర్విద్యలో ఈ సౌకర్యం లేదు.

ఆధునిక కల్పనలో ఈ ఆయుధం ఎన్నో రూపాలు ధరించినది. బెల్జియం చిత్రకథకుడు ఎర్జే సృష్టించిన టిన్‌టిన్ కథలలో ఒకటి, 1954 నుండి 1956 వరకు ధారావాహికంగా వచ్చినది, పూర్తిగా దీనిమీదనే నడుస్తుంది. కాల్క్యులస్ అనే ఆచార్యుడు అతిధ్వనులతో, అనగా మన చెవికి అందనంత హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులతో, గాజును పగులగొట్టే సాధనం కనిపెడతాడు. అది నగరాలను కూల్చగల ఆయుధం కావచ్చునని రెండు దేశాల గూఢచారులు ఆయన వెంట పడతారు. చివరకు ఆయనే తన పథకాలను కాల్చివేస్తాడు. పిల్లల పుస్తకమే అయినా, అందులో ఆయుధం కంటె దానిని కనిపెట్టినవాని కలవరమే ముఖ్యం కావడం నాకు నచ్చినది.

ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' నవల 1965లో పుస్తకంగా వెలువడినది. అందులో ఒక స్త్రీ సంఘం వారు కంఠస్వరాన్ని సాధన చేసి, ఎదుటివాని మనస్సు ఎక్కడ లొంగునో కనిపెట్టి, ఆ స్థాయిలో ఆజ్ఞాపిస్తారు. విన్నవాడు కాదనలేడు. యంత్రం లేదు, స్వరం ఉన్నది, చెవి ఉన్నది. 1984లో డేవిడ్ లించ్ ఆ నవలను చలనచిత్రంగా తీసినప్పుడు, నవలలో లేని ఒక యంత్రాన్ని చేర్చాడు. నోట పలికిన ధ్వనిని అది తాకిడిగా మార్చి రాళ్లను పగులగొడుతుంది. నాయకుని పేరే మారణమంత్రమవుతుంది. చూడడానికి బాగానే ఉన్నది. కాని, నవలలో ఒక మనిషిని బట్టి మరొక మనిషి పలికిన స్వరం, చిత్రంలో రాతిని కొట్టే సుత్తి అయినది. నా అనువాదానికి మూలమైన నవలిక కూడ ఈ రెండవ దారినే పోయినదని ఇప్పుడు అనిపిస్తున్నది.

'స్టార్ వార్స్' చిత్రాలలో 2002లో వచ్చినదానిలో ఒక విచిత్రం ఉన్నది. శూన్యాకాశంలో ఒక నౌక వెనుక వస్తున్న నౌకమీదికి విస్ఫోటకాలు విడుస్తుంది. పేలుడు వెలుగు కనిపించిన మరుక్షణం శబ్దమంతా ఆగిపోతుంది. ఆ తరువాత, బిగించిన తీగను మీటినట్లు ఒక గంభీర ధ్వని. శూన్యంలో ధ్వని ప్రయాణించదని బడి పిల్లలకు కూడ తెలుసు కనుక శాస్త్రం దృష్టిలో ఇది తప్పు. అయినా ఆ ధ్వనిని రూపొందించిన బెన్ బర్ట్ ఒక మర్మం పట్టాడు. చెవికి ముందుగా ఖాళీ చూపిస్తేనే తరువాతి ధ్వనికి బలం. ఆయన ఆయుధం ప్రేక్షకుని చెవిమీద పనిచేసినది.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం చెప్పుకోక తప్పదు. ధ్వని అనగా ఒక మాధ్యమంలోని ఒత్తిడి హెచ్చుతగ్గుల ప్రయాణం. గాలిలో దాని వేగం క్షణానికి సుమారు 340 మీటర్లు. సముద్రజలంలో సుమారు 1,500 మీటర్లు. దాని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. ఈ కొలత మామూలు గజం కర్ర వంటిది కాదు. 20 డెసిబెల్‌లు పెరిగితే ఒత్తిడి పది రెట్లు అయినట్లు. 130 దాటితే చెవిలో నొప్పి పుడుతుంది. ఇక 194 దగ్గర ఒక హద్దు ఉన్నది. అక్కడ తరంగపు లోయలో గాలి ఒత్తిడి పూర్తిగా శూన్యమవుతుంది. అంతకంటె తగ్గడానికి మిగిలినదేమీ లేదు. ఆ హద్దు దాటినది ధ్వని కాదు, విస్ఫోటపు తాకిడి. గోడను పిండి చేసే 'ధ్వన్యాయుధం' నిజానికి ఈ రెండవ జాతికి చెందినది. అదీగాక, బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపయితే ధ్వని బలం నాలుగోవంతుకు పడిపోతుంది. అంటే, అందరికంటె గట్టి దెబ్బ తినేవాడు యంత్రాన్ని కంఠానికి ఆనించుకొన్న సైనికుడే. మా నవలికా రచయిత అతని చెవుల సంగతి ఎక్కడా చెప్పలేదు.

ఇన్ని మాటలు ఇప్పుడు చెబుతున్నాను గాని, ప్రతి పూర్తి చేసి అండమాన్ వెళ్లినప్పుడు నా బుర్రలో ఇవేవీ లేవు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్‌లో ఒక తెలుగువారి ఇంట కొన్నాళ్లు ఉన్నాను. ఆ దీవులలో తెలుగు వినాలంటే వెదకనక్కరలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి సుమారు పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. నేను చదువుకోవడానికి వెంట తీసుకొనిపోయిన పుస్తకం రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1906-08 ప్రాంతాలలో అక్కడ నివసించి, 1922లో ప్రకటించిన గ్రంథం.

మొదటి సాయంత్రమే, సూర్యుడు క్రుంకుతున్న వేళ, ఇంటి వెనుక చెట్లలో సికాడా పురుగుల అరుపు మొదలైనది. మన కీచురాయి వంటిదే గాని, ఇది చెట్లమీద ఉంటుంది, అరుపు మరింత గట్టిది. అరిచేది మగపురుగు మాత్రమే. పొట్టకు ఇరువైపులా ఉన్న పలుచని బిళ్లలను కండరంతో లోనికి గుంజి వదలుతుంది; లోపల బోలుగా ఉన్న పొట్ట తంబురా బుర్రవలె ఆ ధ్వనిని పెంచుతుంది. మేము మాట్లాడుకొంటున్న మాట ఒకరిది ఒకరికి వినిపించక ఊరకున్నాము.

గ్రేట్ అండమానీయుల విశ్వాసం ప్రకారం సరిగా ఆ వేళలోనే మనుషులు చప్పుడు చేయకూడదు. తెల్లవారుజామునా, సంధ్యవేళా సికాడాలు పాడుతుండగా కొయ్య నరకడం వంటి పనులు నిషిద్ధం. చేస్తే బిలికు అని ఒక తెగవారు, పులుగ అని మరొక తెగవారు పిలిచే దైవశక్తికి ఆగ్రహం వచ్చి తుపాను పంపుతుంది. బంగాళాఖాతపు నడిబొడ్డున, ఆకుల గుడిసెలలో ఉండేవారికి తుపాను అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఆయుధం ఉన్నది, దానికి మీట ఉన్నది. ఆ మీట మనిషి చేసే చిన్న చప్పుడు. వినే చెవి ఆకాశంలో ఉన్నది.

రాత్రి పుట్టుకను గురించి వారు చెప్పుకొనే కథ ఇంకా గొప్పది. మొదట లోకంలో రాత్రి లేదు. పూర్వికులలో ఒకడు సికాడాను పట్టి అరచేతుల మధ్య నలిపాడు. అది అరిచినది. ఆ అరుపుతో లోకమంతా చీకటి క్రమ్మినది. పగటిని తిరిగి రప్పించడానికి పూర్వికులు కాగడాలు వెలిగించి, ఒకరి తరువాత ఒకరు పాటలు పాడి, నృత్యం చేశారు. ఎవరి పాటకూ పగలు రాలేదు. చివరకు చీమ పాడితే వచ్చినది. అప్పటినుండి పగలూ రాత్రీ ఒకదాని వెంట ఒకటి వస్తున్నవి. అరచేతిలో ఇమిడే ప్రాణి, ఒక్క అరుపు, లోకమంతా చీకటి. దానికి విరుగుడు మళ్లీ ధ్వనే! నేను చదివిన నక్షత్రయుద్ధాల కథలలో ఏ రచయితకూ ఇంత పొందికైన ధ్వన్యాయుధం తట్టలేదు. పైగా ఇక్కడ ఆయుధం దెబ్బ తిన్నవాని అరుపే కాని, కొట్టినవాని గర్జన కాదు.

వానకారు ముగిసే కాలంలో ఈ నిషేధాన్ని తలక్రిందులు చేసే ఆచారం కూడ ఒకటి ఉండేదని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వ్రాశాడు. సికాడాలు అరిచే సమయానికి అందరూ కూడి వెదుళ్లతో నేలను కొట్టి, బల్లలను బాది, కేకలు వేసి, వాటి అరుపును ముంచివేసేవారు. వారు నృత్యాలలో పాదంతో తాటించే బల్ల చూడడానికి డాలును పోలి ఉంటుంది. వాద్యం డాలు ఆకారంలో ఉండడం నన్ను ఊరించినది గాని, దానినుండి సిద్ధాంతం చేయడం సాహసం; అది విమర్శకులకు సహజమైన జబ్బు.

విద్యావంతుడు ఈ కథలు విని చిరునవ్వు నవ్వవచ్చును. అతనికి నేను 2016లో హవానా నగరంలో జరిగినది గుర్తు చేస్తాను. క్యూబాలోని అమెరికా దౌత్యోద్యోగులు కొందరు చెవులు చిల్లులు పడే వింత ధ్వని విని అస్వస్థులైనామని చెప్పారు. ధ్వన్యాయుధ ప్రయోగం జరిగినదని పత్రికలు వ్రాశాయి. ఆ ధ్వని రికార్డు 2017లో బయటికి వచ్చినది. దానిని పరిశీలించిన స్టబ్స్, మాంటెయలెగ్రే అనే శాస్త్రజ్ఞులు అది ఆ ప్రాంతపు ఒక జాతి కీచురాయి కూతతో సరిపోలుతున్నదని 2019లో తేల్చారు. ఉద్యోగుల రుగ్మతల విషయం వేరు. దానిమీద చర్చ వేరుగా నడిచినది. కాని, రికార్డులో వినిపించినది పురుగు పాట. సంధ్యవేళ కూతలో దైవాగ్రహాన్ని విన్న అండమానీయునికీ, రాత్రివేళ కూతలో శత్రురాజ్యపు యంత్రాన్ని విన్న దౌత్యవేత్తకూ భేదం ఎంత? ఇద్దరూ తాము దేనికి భయపడుతున్నారో దానినే విన్నారు.

ఇటువంటిదే పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి జరిగినది. 1883 ఆగస్టు 27న సుందా జలసంధిలోని క్రకటోవా అగ్నిపర్వతం బ్రద్దలైనది. అక్కడినుండి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 2,400 కిలోమీటర్లు. ఆ దూరం దాటడానికి ధ్వనికి రెండు గంటలు పట్టి ఉండాలి. అక్కడివారు దానిని ఆపదలో చిక్కిన ఓడ సహాయం కోరుతూ పేల్చే ఫిరంగిగా భావించారు. ఇంకా దూరాన, 4,800 కిలోమీటర్ల అవతల ఉన్న రోడ్రిగ్స్ దీవిలోనూ అది ఫిరంగి మ్రోతవలెనే వినిపించినది. చెవికి అందని ఆ ఒత్తిడి తరంగం భూగోళాన్ని పలుమార్లు చుట్టినట్లు లోకమంతటా వాయుభార మాపకాలు నమోదు చేశాయి. చరిత్రలో ఇంతకుమించిన ధ్వని మనిషి చెవిన పడినట్లు దాఖలా అరుదు. అంత మహాధ్వని కూడ రేవు పట్టణపు చెవిలో ఓడ ఫిరంగి అయినది. సరయూ తీరాన కుండ ఏనుగు కాలేదా? దశరథుడు నాకు మళ్లీ గుర్తుకు వచ్చినది ఆ వాక్యం చదివినప్పుడే. 'శబ్దవేధి' అన్న నా పేరులోని పొరపాటు అప్పుడే తెలిసినది.

కల్పనలో ఆయుధాన్ని సృష్టించేవారు మరొకటి జ్ఞాపకం ఉంచుకోవలసి ఉన్నది. ఆయుధం ఎవరి చేతికి ఇస్తామో, లోకం వారిని ఆ ఆయుధంతోనే గుర్తిస్తుంది. కానన్ డాయిల్ 1890లో ప్రకటించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో ఒక అండమానీయుని ప్రవేశపెట్టి, అతనిచేత ఊదుగొట్టంతో విషపు ముల్లు విసిరించాడు. అండమానీయుల ఆయుధం విల్లు. ఊదుగొట్టం వారిది కాదు. నరమాంస భక్షకులన్న నింద కూడ ఆ పుటలలో ఉన్నది. షెర్లాక్ హోమ్స్‌ను ఎరిగినవారు కోట్ల సంఖ్యలో ఉంటారు. ఆ తెగల భాషలు ఎరిగినవారు ఎందరు? బో భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించినది. ఆమె పలుకులను, పాటలను భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బీ రికార్డు చేసి ఉంచారు. ఆ భాషలో తిరిగి బదులు చెప్పేవారు లేకుండానే ఆమె చివరి సంవత్సరాలు గడిచినవి. అబద్ధపు ఊదుగొట్టానికి ఉన్న ఆయుర్దాయం నిజమైన ఒక భాషకు లేకపోయినది. కనుక, పేరు తెలిసిన ప్రజల చేతికి లేని ఆయుధం ఇచ్చేముందు మన రచయితలు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఊహాగ్రహాలకు ఈ నియమం వర్తించదు గదా అనవచ్చును. ఊహాగ్రహ వాసులను మనం ఎవరిని చూసి చిత్రిస్తున్నామో ముందు గమనించుకోవాలి.

నేటి నౌకలమీద దూరానికి హెచ్చరికలు, చెవులు బాధించే ధ్వని ప్రసరింపజేసే పరికరాలు నిజంగానే ఉన్నవి. 2005లో సోమాలియా తీరాన సముద్రపు దొంగలు ఒక ప్రయాణిక నౌకను చుట్టుముట్టినప్పుడు అటువంటిదానిని వాడారు. నీటిలోపలి సంగతి ఇంకా తీవ్రం. 2000 మార్చిలో బహామా దీవులలో పదిహేడు తిమింగిలజాతి జీవులు ఒడ్డుకు కొట్టుకొనివచ్చినవి. నౌకాదళం వాడిన సోనార్ ధ్వనే అందుకు కారణమై ఉండవచ్చునని అమెరికా నౌకాదళమూ ఆ దేశ మత్స్యశాఖా కలిసి వెలువరించిన నివేదిక అంగీకరించినది. ఆ ధ్వని ఎవరిమీదా ప్రయోగించినది కాదు. జలాంతర్గాములను వెదకడానికి చేసినది. 2012 అక్టోబరులో ఉత్తర అండమాన్‌లోని ఎలిజబెత్ బే ఒడ్డున సుమారు నలభై పైలట్ తిమింగిలాలు చచ్చి పడినవి. ఆ మరణాలను నేను సోనార్‌కు ముడిపెట్టడం లేదు. అయితే చెవితోనే దారి చూచుకొనే ప్రాణి ఒడ్డున పడి ఉండడంలో, ధ్వన్యాయుధాన్ని గురించి వ్రాయదలచినవానికి పనికివచ్చే కథ ఒకటి ఉన్నది. నక్షత్రాల దాకా పోనక్కరలేదు.

మరి ఆ యంత్రానికి పేరు? 'ధ్వన్యాయుధం' శాస్త్రవ్యాసానికి సరిపోతుంది గాని, సైనికుని నోట పలకదు. 'నాదాస్త్రం' వినగానే పౌరాణిక చిత్రంలోని కిరీటం కనిపిస్తుంది. 'సోనిక్ గన్' అని ఉంచుదామా అంటే, అది అనువాదకుడు చేతులెత్తివేయడమే. ఒకనాడు రేవు వద్ద శ్రీకాకుళం ప్రాంతం నుండి ఎన్నడో వచ్చి స్థిరపడిన ముసలి జాలరి ఒకరు వల బాగుచేసుకొంటున్నారు. గాలి మారేముందు సముద్రం చేసే చప్పుడును గురించి అడిగాను. "చప్పుడు కాదు బాబూ, హోరు. చప్పుడైతే ఎక్కడినుంచో వస్తాది. హోరైతే మన సుట్టూ ఉంటాది" అన్నారు. పని ఆపకుండానే అన్నారు.

ఇప్పుడు నా ప్రతిలో ఆ యంత్రం పేరు హోరు. వినేవాడు లేని హోరు ఉండదు కనుక, మూలంలో లేని చెవిని నేను చేర్చకపోయినా ఆ మాటే కొంత చేర్చినది. 'శబ్దవేధి' అన్న మాటను నలభైకి పైగా చోట్ల కొట్టివేయవలసి వచ్చినది. ఒక్కచోట మాత్రం ఉంచాను. కాపలా ఉన్న సైనికుడొకడు చీకటిలో అడుగుల చప్పుడు విని, ఆ దిక్కుకు మామూలు తుపాకి పేల్చి, తిరిగి వస్తున్న తనవానినే చంపుకొనే చోట.